మంచు మూత కింద నదికి ఆక్సిజన్ లెక్క

నది నీళ్ళకు మోడల్ అనంగనే మన దగ్గర మస్తుమంది అనుకునేది ఏందంటే, ఒక సాఫ్ట్‌వేర్ ఉంటది, దాన్ల నది పొడుగు, లోతు, పారకం, ఎక్కడెక్కడ ఎంత మురికి కలుస్తుందో అన్నీ ఇస్తే అదే గ్రాఫ్ గీసి చేతుల పెడ్తది అని. పెడ్తది, అబద్ధం కాదు. కానీ ఆ గ్రాఫ్ ఏ నెలది? నది అన్నిటికంటే ఎక్కువ కష్టపడ్తున్న రోజుదా, లేకపోతే మనం తీరిక చూసుకొని బండేసుకొని పోయి శాంపిల్ తెచ్చుకున్న రోజుదా? కొన్నేండ్ల సంది నేను హన్మకొండల కూసొని పనిచేస్తున్న నది కెనడాల ఉంది, పేరు అథబాస్కా. దాని మీద పనిచేసినంక నాకు గట్టిగ తెలిసొచ్చిన ముచ్చట ఒక్కటే, నదికి మోడల్ కట్టాలంటే మొదలు దాని గడ్డుకాలం ఏదో పట్టుకోవాలె, తర్వాత మోడల్ మొత్తం ఆ కాలం చుట్టూ కట్టాలె. ఆ నదికి గడ్డుకాలం ఫిబ్రవరి, మార్చిల మంచుగడ్డ కింద ఉంటది. మన గోదావరికి మే నెల పొద్దుగాల నాలుగైదు గంటలకు ఉంటది. ఎందుకో చెప్త.

ఉత్తరాది నదులంటే ఇక్కడ గంగ, యమున కాదు. ఉత్తర ధ్రువం దిక్కు పారే నదులు, కెనడాల మెకెంజీ, అలాస్కాల యూకాన్, సైబీరియాల ఓబ్, యెనిసెయ్, లేనా, కొలిమా. అథబాస్కా మెకెంజీకి పై కొమ్మ అన్నట్టు. రాకీ పర్వతాలల్ల కొలంబియా మంచు మైదానం దగ్గర పుట్టి, అల్బర్టా ప్రావిన్సుల 1,231 కిలోమీటర్లు పారి అథబాస్కా సరస్సుల పడ్తది, అక్కడి నుంచి ఆ నీళ్ళు స్లేవ్ నది, గ్రేట్ స్లేవ్ సరస్సు, మెకెంజీ పట్టుకొని ఆర్కిటిక్ సముద్రానికి పోతయి. మన గోదావరి పొడుగు 1,465 కిలోమీటర్లు కాబట్టి మనోళ్ళకు సైజు అర్థమైతది, బాసర నుంచి భద్రాచలం దాకా పోయి ఇంకా మస్తు దూరం పోయినట్టు. కానీ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ నది మీద గడ్డ కట్టి ఉంటది. కింద నీళ్ళు పారుతనే ఉంటయి, సున్నా డిగ్రీల దగ్గర, చీకట్ల.

మా బాపుకు ఈ ముచ్చట చెప్తే ఆయన అడిగిన మొదటి మాట, "మీద గడ్డ కడ్తే కింద చేపలెట్ల బతుకుతయి బిడ్డా, గాలి యాడికెళ్ళి వస్తది?" అని. మాది మంగపేట దిక్కు, గోదారి ఒడ్డు ఊరు, బాపు చిన్నప్పటి సంది ఎండకాలం మడుగులల్ల చేపలు తెల్లారేసరికి మీదికొచ్చి నోర్లు తెరిచి ఎగపోసుడు చూసిన మనిషి. నేను ఎం.టెక్ల రెండేండ్లు చదివింది ఆయన ఒక్క ప్రశ్నల అడిగిండు. నిజంగ ఈ సబ్జెక్టు మొత్తం ఆ ప్రశ్న మీదనే నిలబడ్డది.

నీళ్ళల్ల కరిగిన ఆక్సిజన్, డి.ఓ. అంటం కదా, అది ముఖ్యంగ రెండు దారులల్ల వస్తది. ఒకటి గాలి నుంచి నీళ్ళ మీది పొర గుండ లోపటికి, రెండోది నాచు, నీటి మొక్కలు ఎండల ఇడిసేది. ఖర్చయ్యేది కూడా ముఖ్యంగ రెండు దిక్కులనే. నీళ్ళల్ల ఉన్న సేంద్రియ మురికిని బ్యాక్టీరియా తినేటప్పుడు వాడుకునేది, దాన్నే బి.ఓ.డి. అంటరు, ఇగ రెండోది అడుగున ఉన్న బురద గుంజుకునేది. చల్ల నీళ్ళు ఆక్సిజన్‌ను ఎక్కువ పట్టుకుంటయి, సున్నా డిగ్రీల దగ్గర లీటరుకు 14.6 మిల్లీగ్రాముల దాకా, 20 డిగ్రీల దగ్గర 9.1, మన ఎండకాలం నీళ్ళ 30 డిగ్రీలకు 7.5 చిల్లర. ఈ అంకెలు చూసి ఆ నదికి ఢోకా ఏముంది, మనకంటే రెండింతలు ఉంది కదా అనిపిస్తది. అక్కడనే మోసపోతరు చాలామంది. ఎందుకంటే 14.6 అనేది గాలితోటి సంబంధం ఉన్నంతసేపే. నది మీద గడ్డ కట్టుడంటే ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టి చుట్టూ పిండి అంటించినట్టు, పై నుంచి ఏం రాదు. గడ్డ మీద మంచు పడి తెల్లగ కప్పేసినంక వెలుతురు కూడా పోదు, నాచు కూడా పనిచెయ్యదు. అంటే రెండు రాబడులూ బంద్, రెండు ఖర్చులూ నడుస్తనే ఉంటయి.

అమెరికాల ఓహాయో నది మీద 1925ల స్ట్రీటర్, ఫెల్ప్స్ అని ఇద్దరు ఒక లెక్క రాసిండ్రు, ఇప్పటికీ సివిల్ చదివే ప్రతి పిల్లగాడు, పిల్ల పరీక్షల రాసేది అదే. మురికి నదిల కలుస్తది, ఆక్సిజన్ దిగుకుంట పోతది, ఒక జాగల అడుగుకు తాకుతది, తర్వాత గాలి నుంచి వచ్చేది ఎక్కువై మళ్ళ మెల్లగ ఎక్కుతది, చెంచా లాంటి వంపు. ఆ వంపు మీద ఎంత నమ్మకమంటే, నదికి కొంత దూరం ఇస్తే అదే సర్దుకుంటదని అందరం అనుకుంటం. ఇప్పుడు ఆ సమీకరణంల గాలి నుంచి వచ్చే రేటును సున్నా చేసి చూడండి. వంపు మళ్ళ పైకి లేవదు. దిగుతనే ఉంటది, మురికి అయిపోయేదాక, లేకపోతే గడ్డ లేని జాగ వచ్చేదాక. నేను మొదటిసారి దీన్ని ఎక్సెల్ల పెట్టి గీసినప్పుడు స్క్రీన్ మీద ఆ గీత వందల కిలోమీటర్లు ఒక్క తీరుగ కిందికి పోవుడు చూసి చాలాసేపు దాని మీదనే ఉండిపోయిన. పుస్తకంల బొమ్మకు, ఈ నదికి ఉన్న తేడా మొత్తం ఆ గీతల ఉంది.

ఇంకో మలుపు కూడా ఉంది. చలిల బ్యాక్టీరియా మెల్లగ పనిచేస్తది. మోడల్లల్ల దీనికి ఒక గుణకం పెడ్తరు, బి.ఓ.డి.కి సాధారణంగ 1.047, డిగ్రీకి అంత చొప్పున రేటు మారుతది. 20 డిగ్రీల నుంచి సున్నాకు దిగితే రేటు దాదాపు 40 శాతానికి పడ్తది. మంచిదే కదా అనిపిస్తది. కానీ మెల్లగ తినుడంటే మురికి అక్కడనే అయిపోకుంట దూరం పోతదన్నట్టు. నీళ్ళు సెకనుకు అర మీటరు పారుతున్నయనుకుంటే రోజుకు 43 కిలోమీటర్లు, పదిహేను రోజులల్ల 650 కిలోమీటర్లు. మురికి ఎగువన పట్నం దగ్గర కలుస్తది, దాని దెబ్బ ఎన్నో రోజుల తర్వాత దిగువన అడవిల ఎవ్వరూ లేని జాగల పడ్తది. కొలిచేటోళ్ళు పట్నం దగ్గర కొలిచి అంతా బాగుంది అని రాస్తరు.

ఇగ బురద. దీన్ని మన పాఠాలల్ల ఒక్క లైన్ల చెప్పి దాటేస్తరు, నా లెక్కల మంచు నదులకు ఇదే పెద్ద పాత్ర. ఉదాహరణకు నది లోతు రెండు మీటర్లు, అడుగు బురద చదరపు మీటరుకు రోజుకు 0.2 గ్రాముల ఆక్సిజన్ గుంజుతుంది అనుకుందాం, ఇది చిన్న అంకెనే, చూస్తే ఎవ్వరూ పట్టించుకోరు. కానీ రెండు మీటర్ల నీళ్ళకు పంచితే లీటరుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము, పదిహేను రోజులు మూత కింద పారితే 1.5 మిల్లీగ్రాములు మాయం. ఎండకాలం ఇది కనపడదు, గాలి నుంచి వచ్చేది దాన్ని మింగేస్తది. చలికాలం అదే మొత్తం కథ అయితది. పైగ చలికాలంల నదికి వచ్చే నీళ్ళల్ల చాలా మటుకు భూగర్భం నుంచి ఊరేవే, వాటిల్ల పుట్టుకతోనే ఆక్సిజన్ తక్కువ. పారకం కూడా అప్పుడే అన్నిటికంటే తక్కువ, అథబాస్కాల జూన్, జులైల సెకనుకు వెయ్యి ఘనపు మీటర్లు దాటేది ఫిబ్రవరికి నూరు, రెండొందల మధ్యకు వస్తది. మురికిని పలచన చేసే నీళ్ళు లేవు, గాలి లేదు, వెలుతురు లేదు.

మరి బాపు అడిగిన చేపలు? అక్కడనే నాకు ఈ పని మీద మనసు పడ్డది. బర్బాట్ అని ఒక చేప ఉంటది, అది నడి చలికాలంల, గడ్డ కిందనే గుడ్లు పెడ్తది. వైట్‌ఫిష్ జాతులు ఆకురాలే కాలంల పెట్టిన గుడ్లు చలికాలం మొత్తం గులకరాళ్ళ సందులల్ల ఉంటయి. అంటే ఆ గుడ్లకు ఊపిరి కావల్సింది ఎప్పుడంటే సరిగ్గ నది దగ్గర ఊపిరి లేనప్పుడే. గులకరాళ్ళ లోపట నీళ్ళల్ల పైన పారే నీళ్ళకంటే ఇంకా తక్కువ ఉంటది. అందుకనే కెనడా వాళ్ళ మార్గదర్శకాలల్ల చల్ల నీటి చేపలకు లీటరుకు 6.5 మిల్లీగ్రాములు అని పెట్టి, గుడ్లు, పిల్లలు ఉండే దశకు 9.5 అని వేరే పెట్టిండ్రు. మోడల్‌కు 6.5 దాటితే పాస్ అని రాసుకుంటే అది చేపను పాస్ చేస్తది గానీ గుడ్డును చెయ్యదు.

ఈ నది మీద ఇంత శ్రద్ధ ఎందుకు వచ్చిందంటే కాగితం గుజ్జు మిల్లులు. హింటన్ల 1957ల ఒకటి మొదలైంది, తర్వాత దిగువన వైట్‌కోర్ట్ దిక్కు వచ్చినయి, 1993ల ఇంకా దిగువన ఒక పెద్ద మిల్లు వచ్చింది. మా దిక్కోళ్ళకు గుజ్జు మిల్లు అంటే చెప్పే పని లేదు, కమలాపురంల రేయాన్ గుజ్జు 2014 దాకా తయారైంది, కాగజ్‌నగర్ల కాగితం ఇప్పటికీ తయారైతుంది, కట్టె లోడు లారీలు చూసుకుంట పెరిగినోళ్ళం. గుజ్జు మిల్లు నీళ్ళల్ల కట్టె నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఉంటది, దాన్ని శుద్ధి చేసినంక కూడా కొంత నదిలకు పోతది. ఆ మిల్లులన్నీ ఒకే నది మీద, ఆరు నెలలు మూత వేసుకునే నది మీద ఉంటే మొత్తం కలిపి ఎంత తట్టుకుంటది అనే ప్రశ్న వచ్చింది. ఒక్కొక్క మిల్లుకు విడివిడిగ పర్మిషన్ ఇస్తే ప్రతీదీ బాగనే కనిపిస్తది, కలిపి చూస్తేనే అసలు లెక్క తేలుతది. 1991 నుంచి 1996 దాకా కెనడా, అల్బర్టా, వాయవ్య భూభాగాల ప్రభుత్వాలు కలిసి పీస్, అథబాస్కా, స్లేవ్ నదుల మీద నార్తర్న్ రివర్ బేసిన్స్ స్టడీ అని చేయించినయి. చేపలల్ల పేరుకునే డయాక్సిన్లు అనే విష పదార్థాల నుంచి మంచు కింద ఆక్సిజన్ దాకా అన్నీ చూసిండ్రు. మిల్లులు క్లోరిన్‌తోటి తెల్లగ చేసుడు మాని క్లోరిన్ డయాక్సైడ్‌కు మారినంక డయాక్సిన్లు బాగ తగ్గినయి. ఆక్సిజన్ సంగతి మాత్రం అట్ల ఒక్క మార్పుతోటి తెగేది కాదు, ఎందుకంటే మంచు మూత మిల్లు చేతుల లేదు.

మోడల్ల నాకు అన్నిటికంటే ఇష్టమైన జాగ ఒకటుంది, గ్రాండ్ ర్యాపిడ్స్. ఫోర్ట్ మెక్‌మర్రేకు ఎగువన నది అక్కడ బండల మీద దుంకుతది, ఎంత చలి ఉన్నా కొంత మేర గడ్డ కట్టదు. వందల కిలోమీటర్లు దిగుకుంట వచ్చిన ఆక్సిజన్ గీత అక్కడికి రాంగనే నిట్టనిలువుగ పైకి లేస్తది. ఆ ఒక్క జాగ చలికాలంల నదికి దొరికే ఊపిరి. మోడల్ల దాన్ని సరిగ్గ పెట్టకపోతే, అంటే నది మొత్తం ఒకే తీరుగ 95 శాతం గడ్డ అని సగటు అంకె పరిచేస్తే, ఎగువన గీత ఉండాల్సినదానికంటే పైన, దిగువన ఉండాల్సినదానికంటే కింద వస్తది, రెండూ తప్పే. గడ్డ ఎక్కడ తెరుచుకొని ఉందో ఉపగ్రహ ఫొటోలు చూసి ఒక్కొక్క ముక్కకు వేరే వేరే అంకె ఇచ్చుకోవాలె. మస్తు ఓపిక కావాలె, కానీ సగటు అనే మాట నదిని చంపుతది అని నేను నమ్ముత.

అక్కడ కొలిచేటోళ్ళ కష్టం వేరే. గడ్డ మీటరు దాకా మందం ఉండొచ్చు, బర్మాతోటి దొలిచి ఆ తూటు గుండ ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ దించాలె, పైన గాలి సున్నాకు ముప్పై డిగ్రీలు కింద ఉంటే ప్రోబ్ నీళ్ళల్లకెళ్ళి తీయంగనే దాని మీద తడి గడ్డ కడ్తది, సీసాల నీళ్ళు చూస్తుండంగనే పొరకడ్తయి. తూటు దొలిచేటప్పుడు గాలి లోపటికి పోయి ఆ జాగల ఆక్సిజన్ ఎక్కువ చూపించొచ్చు, అందుకే పైపై నీళ్ళు కాదు, కిందికి దించి కొలవాలె. ఒక్కొక్క అంకె వెనుక ఒక మనిషి చేతులు గడ్డకట్టుకొని ఉంటయి. ఆ ఫైల్ నా దగ్గరికి వచ్చినప్పుడు ఏ.సి. రూముల కూసొని ఇది అవుట్‌లయర్, అంటే మిగతావాటితోటి కలవని అంకె, తీసేద్దాం అనబుద్ధి కాదు నాకు. ఎందుకు అట్ల వచ్చిందో తేలేదాక అది అక్కడనే ఉంటది.

పెద్ద నదులల్ల ఇంకో గమ్మత్తు, నీళ్ళు తొందరగ కలవవు. ఫోర్ట్ మెక్‌మర్రే దగ్గర క్లియర్‌వాటర్ అనే నది కుడి దిక్కు నుంచి వచ్చి కలుస్తది, ఆ నీళ్ళు చాలా దూరం కుడి ఒడ్డునే పట్టుకొని పోతయి. మన కాళేశ్వరంల చూసినోళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు, ప్రాణహిత నీళ్ళు, గోదారి నీళ్ళు వానకాలంల పక్కపక్కన రెండు రంగులల్ల పోవుడు మెట్ల మీద నిలబడి చూడొచ్చు. కానీ మనం వాడే చాలా మోడల్లు, క్యువల్‌టూకే లాంటివి, నదిని అడ్డంగ కోసి ఒకే అంకె ఇస్తయి. ఒక ఒడ్డున 9, ఇంకో ఒడ్డున 5 ఉంటే మోడల్ 7 అంటది, ఆ 7 నదిల ఎక్కడా ఉండదు. నీళ్ళు తాగే ఇన్‌టేక్ ఏ ఒడ్డున ఉందో దాన్నిబట్టి నది పొడుగు ఒక్కటే చూసే మోడల్ చాల్తదా, వెడల్పు కూడా చూసేది కావాల్నా తేల్చుకోవాలె. లోతు పొరల తేడా ముఖ్యమైన జలాశయాలకు సీఈ-క్వల్-డబ్ల్యూటూ బాగ పనిచేస్తది, కానీ అది ఎడమ కుడి ఒడ్ల తేడా చూపెట్టదు. సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరికింది కదా అని తీసుకునుడు కాదు, నది ఏ దిక్కు తేడా చూపిస్తుందో చూసి తీసుకోవాలె.

2013 అక్టోబర్ 31న ఒబెడ్ మౌంటెన్ అనే బొగ్గు గని దగ్గర కట్ట తెగి దాదాపు 67 కోట్ల లీటర్ల మురికి నీళ్ళు వాగుల గుండ అథబాస్కాల పడ్డయి. సింగరేణి దిక్కోళ్ళు ఒక్క క్షణం ఆలోచించండి, బొగ్గు కడిగిన బురద నీళ్ళు అన్ని. ఆ మురికి నీళ్ళ మబ్బు నది పొడుగునా వారాల తరబడి దిగువకు పోయింది, అప్పుడే గడ్డకట్టే కాలం మొదలైతుంది. ఇట్లాంటప్పుడు దిగువ ఊర్లోళ్ళు అడిగేది ఒకటే, మా దగ్గరికి ఎప్పుడొస్తది, ఎంత సేపు ఉంటది. దీనికి జవాబు చెప్పాలంటే మోడల్ ముందే సిద్ధంగ ఉండాలె, కట్ట తెగినంక కూసొని కట్టేది కాదు. గడ్డ కింద వేగం ఎంత, గడ్డ గరుకుతనం నీళ్ళను ఎంత ఆపుతది, ఇవన్నీ ముందే కొలిచి పెట్టుకున్నోళ్ళే చెప్పగల్గుతరు.

ఇంకా దిగువన ఆయిల్ శాండ్స్ ఉంటయి, తారు కలిసిన ఇసుక నుంచి నూనె తీసే గనులు. అక్కడ మోడలింగ్‌కు ఇంకో చిక్కుముడి, నది తనంతట తనే ఆ తారు పొరలను కోసుకుంట పారుతది కాబట్టి మనుషులు లేకున్నా కొంత నీళ్ళల్ల ఉంటది. ఏది నదిది, ఏది మనిషిది? ఎరిన్ కెల్లీ, డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్తల బృందం మంచును కూడా కొలిచింది, ఆ లెక్కలు 2009, 2010లల్ల అచ్చైనయి. నీళ్ళను ఒక్కటే కాదు, మీద పడి పేరుకున్న మంచును కూడా. ప్లాంట్ల చుట్టూ మంచుల లోహాలు, తారు సంబంధ పదార్థాలు పేరుకొని ఉన్నయని తేలింది, అంటే గాలి నుంచి వచ్చినయన్నట్టు, ఎండ రాంగనే అవి కరిగి వాగులల్లకు పోతయి. నదిని అర్థం చేసుకోనికి నది బయట కూడా కొలవాలె అనే ఆ ఆలోచన నాకు మస్తు నచ్చింది.

మంచు కరిగే కాలం గురించి కూడా చెప్పాలె. నది దక్షిణం నుంచి ఉత్తరం పోతది కాబట్టి ఎగువన ముందు కరుగుతది, దిగువన ఇంకా గడ్డ ఉంటది, పగిలిన మంచు దిమ్మెలు వచ్చి అడ్డం పడి నీళ్ళు ఒక్కసారి లేస్తయి. ఆ కొద్ది వారాలల్లనే నది ఏడాదిల మోసే సేంద్రియ కర్బనంల పెద్ద భాగం మోస్తది. కానీ అప్పుడు పడవ వేసుకొని పోలేరు, గడ్డ మీద నడవలేరు, అందుకే పాత రికార్డులల్ల ఆ కాలంల శాంపిల్ తక్కువ, అందుకే పాత లెక్కలల్ల నదులు మోసేది తక్కువ వచ్చేది. 2003 నుంచి ఓబ్, యెనిసెయ్, లేనా, కొలిమా, యూకాన్, మెకెంజీ ఆరు నదులల్ల ఒకే పద్ధతిల, వరద టైంల కూడా పట్టుబట్టి శాంపిల్ తీసుడు మొదలుపెట్టిండ్రు, ఇప్పుడు దాన్ని ఆర్కిటిక్ గ్రేట్ రివర్స్ అబ్జర్వేటరీ అంటరు. 2022 జులైల భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చింది గుర్తుందా, ఆ వారంల ఎంత మట్టి, ఎంత ఎరువు, ఎంత మురికి సముద్రానికి పోయింది అన్నదే ఏడాది లెక్కల పెద్ద ముక్క. నెలకు ఒక్క శాంపిల్ తీసే పద్ధతిల ఆ వారం పడకుంట తప్పిపోవచ్చు.

సైబీరియాల ఓబ్ నదిల అయితే ఫ్యాక్టరీ లేకుంటనే ఊపిరాడదు. చుట్టూ వందల కిలోమీటర్ల బురద నేలలు, అక్కడి నుంచి వచ్చే నీళ్ళల్ల ఇనుము, కుళ్ళిన ఆకు అలము ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. చలికాలంల గడ్డ కట్టినంక నదిల పెద్ద ముక్క మొత్తం చేపలకు పనికిరాకుంట అయితది, అవి ముందే దిగువకు సముద్రపు పాయ దిక్కు పోతయి, లేదా ఊట నీళ్ళు పుట్టే జాగలల్ల గుంపులు గుంపులుగ చేరి ఎండకాలం దాకా ఉంటయి. అక్కడి జాలరులకు ఏ ఊట ఎక్కడుందో తెలుసు. మోడల్ కట్టేటోడు ముందు పోయి వాళ్ళతోటి కూసోవాలె అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన గోదారికి వస్త. ఎన్.ఐ.టి.ల చదివే పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతరు, అన్నా డిఫాల్ట్ అంకెలు, అంటే సాఫ్ట్‌వేర్ల ముందే పెట్టి ఇచ్చినవి, పెట్టి రన్ చేస్తే పేపర్‌కు సరిపోతది కదా అని. డిఫాల్ట్ అంకెలు 20 డిగ్రీలకు కట్టినవి, గడ్డ లేని నదులకు కట్టినవి. అథబాస్కాకు అవి ఒక దిక్కు పనికిరావు, మనకు ఇంకో దిక్కు. మే నెలల మన నీళ్ళు 30 డిగ్రీలు దాటుతయి, అదే 1.047 పెడ్తే 30 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా రేటు 20 డిగ్రీలదానికి 1.58 రెట్లు. పట్టుకునే ఆక్సిజనే 7.5 చిల్లర, దాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతోటి తింటుంది. మురికి దెబ్బ మనకు వందల కిలోమీటర్ల అవతల పడదు, అక్కడిక్కడనే, పైపు కిందనే పడ్తది. పారకం తక్కువై, బరాజుల వెనుక నీళ్ళు నిలబడి, ఎండ బాగ తగిలి నాచు పెరుగుతది. పగటిపూట ఆ నాచు ఆక్సిజన్ ఇడుస్తది, మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తది, నది మస్తు ఆరోగ్యంగ ఉందనిపిస్తది. రాత్రంత అదే నాచు ఆక్సిజన్‌ను తింటది. తెల్లారేసరికి అడుగు తాకుతది.

మనకు శాంపిల్ తీసేది ఎప్పుడు? పొద్దుగాల టిఫిన్ చేసి హన్మకొండల బయలెల్లితే నది దగ్గరికి చేరేసరికి పదకొండు, పన్నెండు. మన దేశపు లెక్కల స్నానాల నీళ్ళకు డి.ఓ. 5, చేపలకు 4 ఉండాలె అని తరగతులు ఉన్నయి, పన్నెండింటికి కొలిస్తే గవి సులువుగ దాటుతయి. తెల్లారుగట్ల కొలిస్తే కదా తెలిసేది. మంచు కింద నదిల పగలు రాత్రి తేడా దాదాపు ఉండదు, ఎప్పుడు కొలిచినా ఒక్కటే, వాళ్ళకు నెల ముఖ్యం. మనకు నెలతో పాటు గంట కూడా ముఖ్యం.

మంగపేట దగ్గర ఎండకాలంల నేను, మా తమ్ముడు చీకటితోనే లేచి ఒక మడుగు దగ్గర కొలిచినం. ప్రోబ్ మీద ఒక్కదాని మీదనే నమ్మకం పెట్టుకోకుంట రసాయనాలతోటి ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతిల కూడా చేసినం. బుడగ లేకుంట సీసా మెడ దాకా నింపి, నీళ్ళ లోపటనే మూత పెట్టాలె, ఒక్క బుడగ ఉన్నా లెక్క పాడైతది. మాంగనీస్ సల్ఫేట్ చుక్కలు, తర్వాత క్షారం, అయోడైడ్, ఏజైడ్ కలిసిన ద్రావణం వేసి సీసా తిప్పితే లోపట మబ్బు లేస్తది. ఆక్సిజన్ బాగుంటే ఆ మబ్బు గోధుమరంగుల దిగుతది, లేకుంటే తెల్లగనే ఉంటది. టార్చిలైటు పట్టుకొని చూస్తుంటే ఒడ్డు దగ్గర సీసాల మబ్బు చాలా పలచని గోధుమరంగుల, దాదాపు తెల్లగ దిగింది. తమ్ముడు "అన్నా గిది ఖరాబైందా" అన్నడు. ఖరాబు కాలేదు, నీళ్ళల్ల ఉన్నది అంతే. తర్వాత ఆమ్లం వేసి, స్టార్చ్ వేసి, నీలి రంగు పొయ్యేదాక థయోసల్ఫేట్ చుక్క చుక్క వేసుడు, నాలుగు చుక్కలకే రంగు పోతుంటే చేతులు వాటంతట అవే ఆగినయి. పగలు అదే జాగల అదే పని చేస్తే సీసాల మబ్బు ఇటుక పొడి లెక్క చిక్కగ దిగింది. ఒకే మడుగు, ఒకే రోజు. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దమనిషి ఇదంత చూసి "తెల్లారి చేప మీదికొస్తదని మాకు ఎరుకనే కదా" అన్నడు. ఆయనకు ఎరుక, మోడల్‌కు ఎరుక లేదు, ఎందుకంటే మోడల్‌కు ఆ గంట అంకె ఎవ్వరూ ఇయ్యలేదు.

నేను అనేది కెనడాను చూసి కాపీ కొట్టమని కాదు. వాళ్ళ గుణకాలు, నదిల ఎంత భాగం గడ్డ కట్టిందో చెప్పే వాళ్ళ అంకెలు మనకేం చేసుకోను. వాళ్ళు తమ నదికి ఊపిరాడని నెల ఏదో గుర్తుపట్టి, ఆ నెలలనే, ఎంత కష్టమైనా, బర్మాలు పట్టుకొని నది మీదికి పోయిండ్రు, మిల్లు పర్మిషన్ల మాట్లాడేటప్పుడు ఆ నెల అంకెలు పక్కన పెట్టుకొని మాట్లాడిండ్రు, నాకు కావల్సింది గదే. మంచిర్యాల, రామగుండం, మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం, ఈ పట్టీ మొత్తంల ఏప్రిల్, మే నెలలల్ల తెల్లారుగట్ల డి.ఓ. కొలిచిన వరుస ఒకటి మన దగ్గర ఉండాలె. చవకగ దొరికే లాగర్ ఒకటి నీళ్ళల్ల కట్టేస్తే పావుగంటకు ఒకసారి అదే రాసుకుంటది, నాచు పట్టకుంట వారానికొకసారి తుడిస్తే చాలు, దాన్ని చూసుకోనికి ఒడ్డున ఉండే చేపలోళ్ళకంటే నమ్మకస్తులు దొరకరు, వాళ్ళకు కూలి ఇచ్చి అప్పజెప్పాలె.

రెండోది బురద. గోదారి అడుగు బురద ఎంత గుంజుతుందో మనం కొలవాలె, పుస్తకం అంకె పెట్టొద్దు. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. అడుగు లేని ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లించి బురదల గుచ్చి, లోపట డి.ఓ. ప్రోబ్, నీళ్ళు మెల్లగ తిరగనికి చిన్న పంపు పెట్టి, నల్ల గుడ్డ కప్పి వెలుతురు ఆపి, గంట గంటకు ఎంత దిగుతుందో రాసుకోవాలె. పక్కనే అడుగు మూసిన ఇంకో డ్రమ్ముల ఒట్టి నీళ్ళు పెట్టాలె, నీళ్ళు తిన్నది ఎంత, బురద తిన్నది ఎంత విడదీయనికి. మా తమ్ముడు డ్రమ్ములు రెండు కోయించి పెట్టిండు, అంచుకు రేకు బిగించే పని వెల్డింగ్ షాపుల ఉంది. మే రెండో వారం పారకం ఇంకా దిగినంక మంగపేట మడుగుల ఒకటి, ఏటూరునాగారం ఎగువన ఇసుక అడుగు ఉన్న జాగల ఒకటి దించుతం, ఇసుకకు బురదకు తేడా ఎంతో ముందు తేలితే మోడల్ల అడుగును ఎన్ని ముక్కలు చెయ్యాల్నో తెలుస్తది.